ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనక్స్: మా డీటీపీ షాపులో ఐదేళ్ల వాడకం

హనుమకొండ నయీంనగర్‌లో మాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. పెండ్లి కార్డులు, కరపత్రాలు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, బిల్లులు అన్నీ ఒక్క కంప్యూటర్ మీదే. 2017లో కొన్న ఏడో తరం ఐ3 మెషిన్ అది. 2021 జనవరి నుంచి దాంట్లో విండోస్, దానిలాగే కంప్యూటర్‌ను నడిపే ఇంకో సిస్టమ్ లైనక్స్, రెండూ ఉన్నాయి. ఆన్ చేయగానే నల్ల తెర మీద రెండు పేర్లు కనిపిస్తాయి, బాణం గుర్తుతో ఏది కావాలంటే అది ఎంచుకుంటాం. ఈ ఐదేళ్లలో ఈ ఏర్పాటు నన్ను కాపాడిన రోజులున్నాయి, ఏడిపించిన రోజులూ ఉన్నాయి. రెండూ రాస్తాను.

అసలు ఎందుకు పెట్టుకున్నామంటే పెన్‌డ్రైవ్‌ల వల్ల. యూనివర్సిటీ పిల్లలు, చుట్టుపక్కల కాలేజీల పిల్లలు రోజుకు ముప్పై నలభై మంది పెన్‌డ్రైవ్ పట్టుకొని వస్తారు. ఎవరి దాంట్లోంచో షార్ట్‌కట్ వైరస్ మా మెషిన్‌కు ఎక్కింది, ఇక్కణ్నుంచి ఇంకెంతమంది పెన్‌డ్రైవ్‌లకో పాకింది. ఒకబ్బాయి తండ్రి షాపుకొచ్చి, "మీ దగ్గర పెట్టినంకనే ఖరాబైంది" అని నిలదీశాడు. ఆయన అన్నది నిజమే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. యాంటీవైరస్ వేశాం, ఫార్మాట్ చేశాం, నెలన్నర తిరక్కుండానే మళ్లీ అదే కథ.

అప్పుడు మా తమ్ముడు బీటెక్ చదువుతున్నాడు. "అక్కా, బయటి పెన్‌డ్రైవ్‌లు లైనక్స్‌లో తెరువు. విండోస్ కోసం రాసిన వైరస్ అందులో నడవదు" అన్నాడు. మరి విండోస్ మొత్తం తీసేద్దామంటే కుదరదు. మా పెండ్లి కార్డులన్నీ పేజీలు కూర్చే విండోస్ ప్రోగ్రాం పేజ్‌మేకర్ 7లో, అను అనే తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. ఆ పేజ్‌మేకర్ 2001 నాటిది, దాని తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. అయినా ఇక్కడ డీటీపీ చేసేవాళ్ల చేతులు దానికే అలవాటు పడిపోయాయి. ఇంకో కంప్యూటర్ కొందామంటే కరోనాతో కాలేజీలు మూతపడి గిరాకీ లేని రోజులు. సరే, ఉన్న దాంట్లోనే రెండూ పెట్టుకుందాం అనుకున్నాం.

మొదట లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 20.04 వేశాడు. ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి స్క్రీన్, సౌండ్, నెట్ అన్నీ వస్తున్నాయో లేదో చూసుకున్నాం. ఇది ఎవరూ మానకూడని పని. డేటా మొత్తం బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోవడం దానికంటే ముందు చేయాల్సిన పని. లైనక్స్‌కు జాగా తీసేటప్పుడు మాత్రం ఇబ్బంది పడ్డాం. సీ డ్రైవ్‌లో దాదాపు 300 జీబీ ఖాళీ ఉన్నా, విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డ్రైవ్‌ను కుదించే ష్రింక్ కొడితే 40 జీబీకి మించి ఇవ్వలేదు. డ్రైవ్ మధ్యలో కదపడానికి వీల్లేని సిస్టమ్ ఫైళ్లు ఉంటే అంతే, వాటి అవతల ఉన్న ఖాళీ మాత్రమే దొరుకుతుంది. హైబర్నేషన్, పేజ్‌ఫైల్, రిస్టోర్ పాయింట్లు తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ కొడితే 120 జీబీ వచ్చింది.

కాలేజీలు తెరిచాక దాని విలువ తెలిసింది. భూపాలపల్లి నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయి ఒక సాయంత్రం షాపుకొచ్చింది. ప్రాజెక్టు రిపోర్టు మర్నాడు పొద్దున ఇవ్వాలట. "అక్కా, నిన్నటిదాకా ఉండె, ఇప్పుడు పెన్‌డ్రైవ్‌ల ఏం లేదు" అని చెప్తూనే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంటర్నెట్ సెంటర్లో తెరిస్తే ఒక్క కేబీ షార్ట్‌కట్ తప్ప ఏమీ కనిపించలేదట. నేను మెషిన్ రీస్టార్ట్ చేసి లైనక్స్‌లోకి వెళ్లి పెన్‌డ్రైవ్ పెట్టాను. ఆ షార్ట్‌కట్ పక్కనే పేరు లేని ఫోల్డర్ ఒకటి కనిపించింది. పేరుండాల్సిన చోట ఖాళీ. దాని మీద రెండుసార్లు నొక్కితే నాలుగు చాప్టర్లు, ఫొటోలు, గైడ్ సంతకం స్కాన్ అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ వైరస్ ఫైళ్లను చెరపదు, ఖాళీ పేరున్న ఫోల్డర్లోకి తోసి, దానికి దాచేసే గుర్తు పెడుతుంది. విండోస్ ఆ గుర్తును పాటించి ఫోల్డర్‌ను చూపించదు. లైనక్స్ ఆ గుర్తును లెక్కచేయదు, అందుకే కనిపించింది. రాత్రి తొమ్మిదిన్నరకు స్పైరల్ బైండింగ్ చేసి ఇచ్చాను. ఆ తర్వాత అలా ఎంతమందికి తీసిచ్చానో లెక్క పెట్టలేదు. ఐదేళ్లలో మా మెషిన్ నుంచి ఎవరికీ వైరస్ పోలేదు. నాకు ఇదొక్కటి చాలు.

ఇక కష్టాలు. అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఫాస్ట్ స్టార్టప్. రెండిటికీ ఉమ్మడిగా డేటా డ్రైవ్ ఒకటి పెట్టుకున్నాం. విండోస్‌లో పని చేసి షట్‌డౌన్ కొట్టి, తర్వాత లైనక్స్‌లోకి వస్తే ఆ డ్రైవ్‌లో ఫైళ్లు తెరుచుకుంటాయి కానీ సేవ్ కావు, చదవడానికి మాత్రమే అని వస్తుంది. ఒక్కోరోజు సేవ్ అవుతుంది, ఒక్కోరోజు కాదు. డిస్క్ పోతోందేమోనని భయపడ్డాను. తీరా చూస్తే ఆ ఆప్షన్ ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, మళ్లీ త్వరగా లేవడం కోసం సగం నిద్రలో ఉంటుంది. అది పట్టుకొని ఉన్న డ్రైవ్‌లో రాస్తే ఫైళ్లు పాడవుతాయని లైనక్స్ రాయకుండా ఆగుతుంది. రీస్టార్ట్ కొట్టిన రోజుల్లో మాత్రం విండోస్ పూర్తిగా ఆగుతుంది, అందుకే ఆ రోజుల్లో సేవ్ అయ్యేది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, పవర్ బటన్ ఏం చేయాలి అన్న చోట ఫాస్ట్ స్టార్టప్ ముందున్న టిక్ తీసేస్తే ఆ బాధ తప్పింది. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ టిక్ మళ్లీ పడిందేమో ఒకసారి చూసుకుంటాను.

గడియారం సంగతి చిన్నదే కానీ బిల్లులు కొట్టేవాళ్లకు ముఖ్యం. మెషిన్ లోపలి గడియారంలో లైనక్స్ అంతర్జాతీయ సమయం ఉంచుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. సాయంత్రం నాలుగింటికి లైనక్స్ నుంచి విండోస్‌లోకి వస్తే పొద్దున పదిన్నర చూపించేది, సరిగ్గా ఐదున్నర గంటల తేడా. లైనక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో లోపలి గడియారాన్ని కూడా మన సమయానికి పెట్టించాక సరిపోయింది.

2022లో మాఘమాసం పెళ్లిళ్ల సీజన్‌లో జరిగింది మాత్రం నేనెప్పటికీ మర్చిపోను. డేటా డ్రైవ్ నిండిపోయింది. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే పేరూ అక్షరమూ లేని ఒక పార్టిషన్, అంటే డిస్క్‌లో విడిగా కోసిన భాగం, కనిపించింది. ఏదో పనికిరానిది అనుకొని డిలీట్ చేశాను. అది లైనక్స్ ఉన్న చోటు. ఆ సంగతి మర్నాడు పొద్దున మెషిన్ ఆన్ చేస్తే తెలిసింది. మెనూ రాలేదు, నల్ల తెర మీద గ్రబ్ అన్న ఒక్క మాట, పక్కన మిణుకుమనే గీత. పదకొండింటికి కార్డుల ప్రూఫ్ ఇవ్వాలి, పెండ్లివారు పరకాల నుంచి బయల్దేరారు. విండోస్ కూడా పోయిందనుకొని చేతులు వణికాయి. తమ్ముడికి ఫోన్ చేస్తే, "అక్కా, ఆఫ్ చేసి ఆన్ చేసేటప్పుడు ఎఫ్12 నొక్కుతూ ఉండు, విండోస్ బూట్ మేనేజర్ అని వస్తుంది, అది ఎంచుకో" అన్నాడు. వచ్చింది. విండోస్ ఎక్కడికీ పోలేదు. మెనూ చూపించే గ్రబ్‌కు కావలసిన మిగతా ఫైళ్లన్నీ లైనక్స్ పార్టిషన్‌లో ఉంటాయి, నేను వాటిని చెరిపేయడంతో అది దారి తెలియక ఆగిపోయింది, అంతే. రెండు సిస్టమ్‌లు పెట్టుకునే ప్రతి ఒక్కరూ తమ మెషిన్‌లో ఈ బూట్ మెనూ మీట ఏదో ముందే తెలుసుకొని ఉండాలి. కొన్నిట్లో ఎఫ్12, కొన్నిట్లో ఎఫ్9, కొన్నిట్లో ఎస్కేప్. మా మెషిన్ క్యాబినెట్ మీద నేను స్టిక్కర్ అంటించి రాసి పెట్టుకున్నాను.

ఆ దెబ్బతో పద్ధతి మొత్తం మార్చాం. 240 జీబీ ఎస్ఎస్‌డీలు రెండు కొని, ఒకదాంట్లో విండోస్, ఇంకోదాంట్లో ఉబుంటు బదులు లైనక్స్‌లోనే ఇంకో రకమైన మింట్ 21 వేశాం, పాత హార్డ్‌డిస్క్ డేటాకు ఉంచాం. మింట్ వేసేటప్పుడు విండోస్ డిస్క్ కేబుల్ ఊడదీసి పక్కన పెట్టాం. అలా చేయకపోతే ఇన్‌స్టాలర్ తన బూట్ ఫైళ్లను తీసుకెళ్లి విండోస్ డిస్క్‌లో మెషిన్ ఆన్ కాగానే చదివే చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌లో పెట్టే అవకాశం ఉంది, అప్పుడు రెండు డిస్కులున్నా ఒకదాని మీద ఒకటి ఆధారపడతాయి. ఇప్పుడు ఏ డిస్క్ పోయినా రెండోది తనంతట తాను లేస్తుంది. ఇన్నేళ్లలో నేను చేసిన మంచి పని ఏదంటే ఇదే చెప్తాను. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత చాలామంది డ్యూయల్ బూట్ (రెండు సిస్టమ్‌లున్న) మెషిన్లలో లైనక్స్ తెరుచుకోలేదు, ఏదో ఘోరం జరిగిందన్నట్టు ఇంగ్లీషులో మెసేజ్ వచ్చి ఆగిపోయేది. సెక్యూర్ బూట్, అంటే నమ్మకమైన సిస్టమ్‌నే లేవనిచ్చే సెట్టింగ్, ఆన్‌లో ఉన్నవాళ్లకే అది తగిలింది. మాది ఆఫ్‌లో ఉంది కాబట్టి తప్పించుకున్నాం.

లైనక్స్‌లో తెలుగు టైపింగ్ వస్తుందా అని తోటి డీటీపీ వాళ్లు అడుగుతుంటారు. బాగా వస్తుంది. మేం నేర్చుకున్న యాపిల్ కీబోర్డ్ లేఅవుట్ కూడా ఐబస్ అనే టైపింగ్ సాధనంలో దొరుకుతుంది, ఇన్‌స్క్రిప్ట్ ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఆర్‌టీఎస్ ఉంది. కాకపోతే అదంతా యూనికోడ్, అంటే ఫోన్లలో, వాట్సాప్‌లో వాడే అక్షరాల పద్ధతి. అను ఫాంట్లలో కొట్టిన పాత మ్యాటర్‌ను ఆ ఫాంట్ లేనిచోట తెరిస్తే అడ్డదిడ్డంగా ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి కానీ వత్తుల దగ్గర ఒకటికి రెండుసార్లు ప్రూఫ్ చూడాలి. కొత్త కరపత్రాలు ఇప్పుడు ఇంక్‌స్కేప్ అనే డిజైన్ ప్రోగ్రాంలో రామభద్ర, మండలి, పొన్నాల లాంటి ఉచిత ఫాంట్లతో చేస్తున్నాను. అక్షరం అందంగా వస్తోంది, వాట్సాప్‌లో పంపడానికి అదే మ్యాటర్ మళ్లీ కొట్టే పని లేదు.

లైనక్స్‌లోనే వర్చువల్‌బాక్స్ పెట్టి అందులో విండోస్ నడిపి చూశాను. 8 జీబీ ర్యామ్‌కు భారమైంది, పేజీలో ఫొటో కదిలిస్తే వేలికీ తెరకూ పొంతన లేదు. విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపించే వైన్‌లో పేజ్‌మేకర్ తెరుచుకుంది కానీ నాకు తెలుగు టైపింగ్ కుదరలేదు. మా పాత లేజర్ ప్రింటర్ లైనక్స్‌లో ఎంత ప్రయత్నించినా రాలేదు. తర్వాత కొన్న నెట్‌వర్క్ ప్రింటర్ డ్రైవర్ ఏదీ వేయకుండానే దొరికింది.

రోజువారీగా బాధించేది రీస్టార్ట్ ఒక్కటే. పాత హార్డ్‌డిస్క్ మీద ఇటు నుంచి అటు మారడానికి నాలుగు నిమిషాలు పట్టేది, కౌంటర్ దగ్గర మనిషి నిలబడి ఉంటే అది చాలా ఎక్కువ. ఎస్ఎస్‌డీలు వచ్చాక నిమిషం లోపే. అయినా పనినే వేళలుగా పంచుకున్నాను. పొద్దున తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా గిరాకీ తక్కువ, అప్పుడు విండోస్‌లో కార్డుల పని. తర్వాత రాత్రి దాకా లైనక్స్. మొదట్లో రోజుకు ఏడెనిమిది సార్లు మార్చేదాన్ని, ఇప్పుడు ఒకటి రెండు సార్లే. షాపులో పనిచేసే పిల్లవాడు మింట్ ఒక్కరోజులో నేర్చుకున్నాడు, మెనూ కిందే ఎడమపక్క ఉంటుంది కాబట్టి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచీ కావాలి, మాది ఏడు. ఒక్క మెట్టు తక్కువైంది. మామూలుగా అయితే మెషిన్ మార్చాలి. మేం విండోస్‌లో నెట్ పూర్తిగా డిసేబుల్ చేసేశాం. అది ఇప్పుడు పేజ్‌మేకర్ కోసం మాత్రమే. బ్యాంకు, అప్లికేషన్లు, మెయిల్, పెన్‌డ్రైవ్‌లు అన్నీ మింట్‌లో. 2024లో మింట్ 22కు మారాం, దానికి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. ఎనిమిదేళ్లు దాటిన మెషిన్ నిశ్చింతగా నడుస్తోంది.

మరి ఎవరు పెట్టుకోవాలంటే, రెండు పక్కలా కచ్చితంగా చేయాల్సిన పని ఉన్నవాళ్లు. కేవలం లైనక్స్ ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్లకు పెన్‌డ్రైవ్‌లో లైవ్ చాలు, పార్టిషన్లు కదిలించే ప్రమాదం ఎందుకు? కొత్త ల్యాప్‌టాప్ వాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. చాలావాటిలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ ముందే ఆన్‌లో ఉంటుంది. మెషిన్ సెట్టింగులుండే బయాస్‌లో సెక్యూర్ బూట్ మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ తీసి కాగితం మీద రాసుకున్నాకే మిగతా పని. మా దగ్గరికి ఒకబ్బాయి కీ లేకుండా ల్యాప్‌టాప్ తెచ్చాడు, నేను ఏమీ చేయలేకపోయాను. అందులో వాళ్ల నానమ్మ ఫొటోలు ఉన్నాయట.

విండోస్ డిస్క్ ఎప్పటికైనా తీసేస్తానా అని తమ్ముడు అడుగుతుంటాడు. పోయిన నెల నర్సంపేట దగ్గరి ఊరి నుంచి ఒక జంట వచ్చింది. 2018లో పెద్దమ్మాయి పెండ్లి కార్డు నేనే చేశానట, చిన్నమ్మాయిదీ అచ్చం అట్లనే కావాలన్నారు. విండోస్‌లోకి వెళ్లి పాత ఫోల్డర్లో వెతికితే ఫైల్ దొరికింది. తెరవగానే అదే అంచు, అదే వినాయకుడు, అవే అక్షరాలు. ఆమె తెర దగ్గరికి వంగి, పెద్దమ్మాయి పేరు మీద వేలు పెట్టి చూపించింది. పేర్లు, ముహూర్తం మార్చి ఇచ్చాను. అలాంటి ఫైళ్లు నా దగ్గర వెయ్యికి పైనే ఉన్నాయి.