సీటీ యాంజియోగ్రామా, గొట్టంతో చేసే యాంజియోగ్రామా?

రెండూ గుండె ధమనుల్లో పూడికలున్నాయేమో చూసే పరీక్షలే. రెండింటిలోనూ అయోడిన్ ఉన్న రంగుమందే వాడతారు; తేడా అది వెళ్లే దారిలో ఉంది. సీటీలో చేతి సిరలోకి ఎక్కిస్తారు. గుండె వేగం నిమిషానికి 60 దాకా తగ్గేలా మాత్ర ఇచ్చి, కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టమంటారు. మందు ఎక్కగానే ఒళ్లంతా వెచ్చబడుతుంది, కంగారు పడనక్కరలేదు. పూడికలు లేవని తేల్చడంలో ఈ పరీక్ష గట్టిది. ధమని గోడల్లో సున్నం బాగా పేరుకుంటే మాత్రం చిన్న పూడిక కూడా పెద్దదిగా కనిపిస్తుంది.

రెండోదానిలో మణికట్టు లేదా గజ్జల దగ్గరి ధమని గుండా సుమారు 2 మిల్లీమీటర్ల గొట్టాన్ని గుండె ధమని మొదలు దాకా పంపుతారు. గుండె ధమనిలోకే రంగుమందు ఎక్కించడం 1958లో అమెరికా గుండె వైద్యుడు మేసన్ సోన్స్ చేతిలో అనుకోకుండా మొదలైంది! రక్తస్రావం, అరుదుగా పక్షవాతం వంటి ముప్పులున్నా, అవసరమైతే అప్పటికప్పుడే స్టెంట్ (ధమనిని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేయవచ్చు. సన్నని తీగతో పూడికకు అటూ ఇటూ ఒత్తిడి కొలిచే వీలూ ఉంది. పూడిక దాటాక ఉన్న ఒత్తిడిని దానికి ముందున్న ఒత్తిడితో భాగిస్తే వచ్చే నిష్పత్తి 0.80 లేదా అంతకన్నా తక్కువైతే పూడిక రక్తాన్ని నిజంగానే అడ్డుకుంటోందన్నమాట.

పెద్ద ధమని మూసుకుపోయి గుండెపోటు వస్తే ఈ పోలికకే తావు లేదు, నేరుగా రెండోదే. నిలకడగా ఉండి, అనుమానం మాత్రమే ఉన్నవారికి నా మొగ్గు సీటీ వైపే. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే ఏ పరీక్షకైనా ముందే డాక్టరుకు చెప్పాలి.