సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తున్నారా? ఎండాకాలమైనా సరే, హీటర్ వేసి చూడండి

పాత కారు కోసం హైదరాబాద్‌లో కన్సల్టెన్సీల (పాత కార్లు అమ్మే డీలర్ల) చుట్టూ తిరుగుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బండి చూడ్డానికి వెళ్లినప్పుడు ఏసీ ఎలాగూ వేస్తారు. హీటర్ కూడా వేయండి. బయట నలభై డిగ్రీల ఎండ ఉన్నా సరే, నాబ్‌ని ఎర్రగీత చివరిదాకా తిప్పి, ఓ పది పదిహేను నిమిషాలు నడిపాక గాలి వేడిగా వస్తోందా లేదా అని చెయ్యి పెట్టి చూడండి. మన ఊళ్లో హీటర్ ఎవరూ వేయరు. ఆ సంగతి అమ్మేవాడికి బాగా తెలుసు. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) లీకు దాచాలనుకుంటే వాడికి అంతకన్నా మంచి చోటు లేదు.

మేం తీసుకున్నది 2011 మోడల్ చిన్న పెట్రోల్ కారు. కన్సల్టెన్సీ పేరు, ఏరియా రాయడం లేదు, ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. బండి పైకి తళతళలాడుతోంది. బానెట్ ఎత్తితే ఇంజిన్ కూడా శుభ్రంగా కడిగి, పైపులకి పాలిష్ కొట్టి ఉంది. లోపల కొత్త కార్పెట్, గుప్పున పెర్ఫ్యూమ్ వాసన. నాన్నా నేనూ ఇద్దరం నడిపి చూశాం. పికప్ బాగుంది, ఏసీ బాగుంది, టెంపరేచర్ సూది సగానికి కూడా రాలేదు. నాన్న ఒక్కటే అడిగారు, హీటర్ పనిచేస్తుందా అని. "హైదరాబాద్‌లో హీటర్‌తో పనేముంది సార్" అని నవ్వాడు అమ్మేవాడు. ఆ మాట వింటే ఎవరికైనా సబబుగానే ఉంటుంది.

సిటీలో తిరిగినన్నాళ్లూ బండి ఏమీ అనలేదు. శ్రీశైలం వెళ్లినప్పుడు బయటపడింది. డ్యామ్ దాటి సున్నిపెంట వైపు ఎక్కే మలుపుల్లో సూది పైకి లేవడం మొదలుపెట్టింది. నాన్న వెంటనే "ఏసీ ఆపు, హీటర్ ఫుల్‌గా పెట్టు, అద్దాలు దించు" అన్నారు. ఘాట్ రోడ్డు మీద పాత డ్రైవర్లందరికీ తెలిసిన ఉపాయం ఇది. హీటర్ వేస్తే ఇంజిన్ వేడి కొంత కారు లోపలికి వచ్చేస్తుంది, మనకి చెమట పట్టినా ఇంజిన్ బతుకుతుంది. నాబ్ తిప్పాను. బయట గాలి ఎలా ఉందో అలాంటి గాలే వచ్చింది. ఇంజిన్ అంత కాగిపోతుంటే హీటర్‌లో మామూలు గాలి రావడమేంటని అనుకునేలోపే బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. పక్కకి తీసి ఆపేశాం. ఆ కారు తిరిగి హైదరాబాద్ చేరింది రికవరీ బండి మీదే.

మా మెకానిక్ అన్న విప్పి చూపించినవి ఒక్కొక్కటీ చెబుతాను, ఎందుకంటే ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి చేసిన పనులు.

హీటర్ అంటే వేరే యంత్రమేమీ కాదు. ఇంజిన్ చుట్టూ తిరిగి కాగిన కూలెంట్‌లో కొంత రెండు గొట్టాల ద్వారా డ్యాష్‌బోర్డు వెనక ఉన్న చిన్న రేడియేటర్‌లోకి వస్తుంది. దాన్నే హీటర్ కోర్ అంటారు. బ్లోయర్ గాలి దాని మీదుగా వచ్చేసరికి వేడెక్కుతుంది, అంతే. ఆ కోర్ కారడం మొదలుపెడితే కాళ్ల దగ్గర కార్పెట్ కింద తడి చేరుతుంది, కారులో తియ్యటి వాసన వస్తుంది, ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు పొర పడుతుంది. మార్చాలంటే చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. రోజు కూలీ ఖర్చు దానికే పోతుంది. అందుకని ఇంజిన్ వైపు నుంచి వచ్చే ఆ రెండు హోస్ పైపుల్నీ పీకి, మధ్యలో ఓ చిన్న పైపు ముక్క పెట్టి, రెండు క్లిప్పులు బిగించేస్తారు. లీకు ఆగిపోతుంది, హీటర్ పోతుంది. మా కారులో చేసింది సరిగ్గా ఇదే. కార్పెట్ కొత్తగా ఎందుకుందో, పెర్ఫ్యూమ్ అంత ఎందుకు కొట్టారో అప్పుడు అర్థమైంది.

ఒక్క మాట. హీటర్ బైపాస్ చేసిన ప్రతివాడూ దొంగ కాదు. మన దగ్గర చాలామంది మెకానిక్‌లు "ఎలాగూ వాడరు కదా సార్" అని ఓనర్‌కి చెప్పి మరీ చేస్తారు, ఓనర్ కూడా డబ్బు మిగిలిందని ఒప్పుకుంటాడు. దాని వల్ల ఇంజిన్‌కి వెంటనే వచ్చే ముప్పు పెద్దగా ఉండదు. వానాకాలంలో అద్దం లోపల ఆవిరి పట్టి మసకబారినప్పుడు, లంబసింగి, అరకు లాంటి చోట్ల తెల్లవారుజామున మాత్రం దాని విలువ తెలుస్తుంది. కొనేవాడికి చెప్పకుండా దాచడమే మోసం. పైగా ఒకచోట బైపాస్ కనిపించిందంటే మిగతావీ వెతకాల్సిందే.

మాకు మిగతావి దొరికాయి. థర్మోస్టాట్ వాల్వ్ లేదు, తీసి పారేశారు. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ ఈ వాల్వ్ మూసుకుని ఉండి కూలెంట్‌ని రేడియేటర్ వైపు పోనివ్వదు. చాలా కార్లలో 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. "ఇది తీసేస్తే ఇంజిన్ కూల్‌గా ఉంటుంది" అనేది మన గ్యారేజీల్లో పాతుకుపోయిన నమ్మకం. నాకైతే ఒళ్లు మండుతుంది ఆ మాట వింటే. ఇంజిన్‌కి ఓ స్థాయి వేడి కావాలి. అది అందకపోతే బండి ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ వదులుతుంది, మైలేజీ పడిపోతుంది, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరవ్వదు. కొన్ని ఇంజిన్లలో, వేడెక్కాక, కూలెంట్ రేడియేటర్‌కి పోకుండా తిరిగే పక్కదారిని కూడా ఆ వాల్వే మూస్తుంది. అలాంటివాటిలో దాన్ని పీకేస్తే కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కి వెళ్లకుండానే తిరిగి ఇంజిన్‌లోకి వచ్చేస్తుంది. సిటీలో సూది కిందే ఉంటుంది, ఘాట్ ఎక్కితే పైకి పోతుంది. టెస్ట్ డ్రైవ్‌లో సూది సగానికి కూడా రాకపోవడం మంచి లక్షణం కాదని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

రేడియేటర్ ఫ్యాన్ డైరెక్ట్ చేసి ఉంది. అంటే సెన్సార్‌తో సంబంధం లేకుండా తాళం తిప్పగానే తిరిగేలా వైరు కలిపేశారు. కనుక్కోవడం చాలా తేలిక. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ఏసీ ఆపి ఉంచి, తాళం ఆన్ చేయగానే ఫ్యాన్ తిరిగిందంటే అనుమానించాలి. ఏసీ వేసినప్పుడు తిరగడం చాలా కార్లలో మామూలే, దానికి కంగారు పడొద్దు.

రేడియేటర్ విప్పితే తుప్పు రంగు నీళ్లు, అడుగున పసుపచ్చని ముద్ద. పసుపేనన్నాడు మా మెకానిక్ అన్న. లారీల కాలం నుంచీ ఉన్న చిట్కా అది, కారుతున్న రేడియేటర్‌లో గుప్పెడు పసుపు వేస్తే ఉబ్బి చిల్లుకి అడ్డం పడుతుంది. అడవి మధ్యలో ఇరుక్కున్నవాడు ఊరు చేరడానికి వేసుకుంటే అర్థముంది. అమ్మడానికి పెట్టిన బండిలో వేయడానికి అర్థం ఒక్కటే. డబ్బాల్లో దొరికే స్టాప్ లీక్ ద్రావణాలూ ఎక్కువ పోస్తే చేసేది ఇదే, చిల్లుతో పాటు రేడియేటర్‌లోని సన్నటి గొట్టాల్ని కూడా పూడ్చేస్తాయి. ఇక కూలెంట్ బదులు వట్టి బోరు నీళ్లు పోస్తూ వచ్చారు కాబట్టి లోపల ఉప్పు పేరుకుపోయి ఉంది. మన బోరు నీళ్ల సంగతి బాత్రూమ్ కుళాయిలు చూస్తేనే తెలుస్తుంది.

అసలు లీకు రేడియేటర్ పక్కనుండే ప్లాస్టిక్ ట్యాంకుకీ అల్యూమినియం కోర్‌కీ మధ్య అతుకులో ఉంది. పాత కార్లలో ఇది మామూలుగా వచ్చే జబ్బే. మొదట్లోనే రేడియేటర్ మార్చి ఉంటే పోయేది. మార్చలేదు కాబట్టి ఇంజిన్ చాలాసార్లు కాగింది, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయింది, హెడ్ కూడా కొంచెం వంగింది. హెడ్‌ని లేత్‌కి పంపి ఫేసింగ్ చేయించి, అంటే చదును చేయించి, గ్యాస్కెట్, రేడియేటర్, థర్మోస్టాట్, హోస్‌లు, క్యాప్ అన్నీ మార్చేసరికి ముప్పై వేల దగ్గరకొచ్చింది. వాటర్ బాడీ (కూలెంట్‌ని తిప్పే పంపు) మాత్రం అదృష్టం కొద్దీ బాగుంది. హీటర్ కోర్ ఇంకా వేయించలేదు, ఆ డ్యాష్‌బోర్డు విప్పే ఖర్చు తర్వాత చూద్దామనుకున్నాం.

ఇప్పుడు బండి చూడ్డానికి వెళ్లే వాళ్లకి. ముందే ఫోన్ చేసి "ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచండి, మేమొచ్చాకే స్టార్ట్ చేద్దాం" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. ఎండలో లేకపోయినా వెచ్చగా ఉంటే, మనం రాకముందే స్టార్ట్ చేసి ఉంచారని అనుమానించాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగండి, లేదా ఇంకో రోజు వెళ్లండి. పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ క్యాప్ తీయాలి. వేడి మీద తీస్తే లోపలి ఒత్తిడికి మరిగే నీళ్లు మొహం మీద కొడతాయి, చాలామందికి కాలింది అలాగే. లోపల ఆకుపచ్చో, ఎరుపో, గులాబీయో, ఏ రంగైనా పర్వాలేదు, తేటగా ఉండాలి. తుప్పు రంగు, నూనె తెట్టు, ముద్దలు కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. ఆయిల్ పోసే మూత కూడా విప్పి చూడండి, దాని లోపల పాల టీ రంగు మీగడ కట్టి ఉంటే నీళ్లు ఆయిల్‌లో కలుస్తుండొచ్చు.

ఆ తర్వాత ఇంజిన్ వెనక, ఇంజిన్‌కీ కారు లోపలికీ మధ్య ఉండే గోడలోకి వెళ్లే రెండు సన్నటి హోస్‌ల్ని టార్చి వేసి వెతకండి. రెండూ గోడలోకి వెళ్తున్నాయా, లేక ఒకదానికొకటి కలిపేసి ఉన్నాయా అన్నది కంటికే తెలిసిపోతుంది. మెకానిక్ అక్కర్లేదు. కింద కాళ్ల దగ్గర మ్యాట్ తీసి, కార్పెట్ అంచు కాస్త ఎత్తి, కిందనున్న స్పాంజిని నొక్కి చూడండి. తడి ఉన్నంత మాత్రాన హీటర్ కోరే అనుకోవద్దు. ఏసీ నీళ్ల గొట్టం మూసుకుపోయినా అక్కడే తడుస్తుంది. ఏసీ నీళ్లకి ఆ తియ్యటి వాసన, జిడ్డు ఉండవు. కూలెంట్ వేళ్లకి జిగురుగా అంటుతుంది. అంటితే చెయ్యి కడుక్కోండి, నోట్లో పెట్టి చూడొద్దు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లలకీ వీధి కుక్కలకీ మరీ ప్రమాదం.

కొన్ని చిన్న కార్లలో సూదే ఉండదు, ఇంజిన్ చల్లగా ఉంటే వెలిగే నీలం లైటు, బాగా కాగితే వెలిగే ఎర్ర లైటు మాత్రమే ఉంటాయి. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సార్ నీళ్లలో కాక ఖాళీలో ఉంటుంది కాబట్టి ఎర్ర లైటు ఆలస్యంగా వెలగొచ్చు, అసలు వెలగకపోవచ్చు కూడా. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టు (బండి కంప్యూటర్‌లోని సమాచారం చదివే సాకెట్) ఉన్న బండైతే చిన్న బ్లూటూత్ స్కానర్ పెట్టి ఫోన్‌లోనే డిగ్రీలు చూసుకోవచ్చు. కాసేపు నడిపాక 85 నుంచి 95 మధ్య నిలకడగా ఉంటే మంచిదే. అరవై దగ్గరే ఆగిపోయి పైకి రాకపోతే థర్మోస్టాట్ లేదనో, తెరుచుకుని బిగుసుకుపోయిందనో అనుకోవాలి. గ్యాస్కెట్ మీద అనుమానం ఉంటే బ్లాక్ టెస్ట్ చేసే గ్యారేజీకి తీసుకెళ్లండి. నీలం రంగు ద్రావణం పసుపుగా మారితే ఇంజిన్‌లో మండిన గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందని. ఆ పరీక్షకి అమ్మేవాడు ఒప్పుకోకపోతే నేనైతే బేరం అక్కడే ఆపేస్తాను.

డెలివరీ నోట్ మీద సంతకం పెట్టేముందు చదవండి. మా దాంట్లో "కండిషన్ చూసుకుని తీసుకున్నాను" అనే అచ్చు లైను ఉంది, ఇప్పుడు వాళ్లు పట్టుకుని వేలాడుతున్నది దాన్నే. దాని కిందే పెన్నుతో "హీటర్ పనిచేస్తోంది, థర్మోస్టాట్ ఉంది, ఓవర్‌హీట్ సమస్య లేదు" అని వాళ్లచేత రాయించుకోండి. రాయనంటే అదే మీకు జవాబు. సెకండ్ హ్యాండ్ బండ్లు అమ్మే డీలర్లు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలని 2023 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది, ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ ఉంది. బండి ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. ఇది వ్యాపారం చేసే డీలర్ దగ్గర కొన్నవాళ్లకి. పక్కింటాయన దగ్గరో, ప్రకటన చూసి నేరుగా ఓనర్ దగ్గరో కొంటే ఈ దారి పనికి రాదు, కాబట్టి అక్కడ ముందే మరింత జాగ్రత్తగా చూసుకోవాలి. విప్పిన ప్రతి భాగాన్నీ ఫొటో తీయించుకోండి, మెకానిక్ బిల్లు మీద ఏం కనిపించిందో రాయించండి, పీకిన పైపు ముక్క పారేయొద్దు. మా కేసులో అదే పెద్ద సాక్ష్యం. మొదట "మేం అమ్మినప్పుడు అన్నీ బాగానే ఉన్నాయి" అన్నవాళ్లు, ఆ పైపు ముక్క ఫొటోలూ లాయర్ నోటీసూ అందాక గ్యాస్కెట్ ఖర్చులో సగం ఇస్తామని కబురు పెట్టారు. పూర్తిగా ఇమ్మని అడిగాం. ఇంకా జవాబు రాలేదు, వచ్చాక ఏమైందో ఇక్కడే రాస్తాను.