అటెన్‌బరో పుట్టుక: నిఘంటువు మాట వినాలా, డీఎన్‌ఏ మాటా, పటం మాటా?

మా అక్క కొడుకు నాటింగ్‌హామ్‌లో చదువుకుంటున్నాడు. ఆ మధ్య ఒక రైల్వే స్టేషన్ బోర్డు ఫొటో తీసి పంపాడు. బోర్డు మీద "అటెన్‌బరో" అని ఉంది, కింద వాడి మెసేజ్: "మామయ్యా, జంతువుల డాక్యుమెంటరీలు తీసే తాతగారి పేరు ఏకంగా ఊరికే పెట్టేశారు చూడు!" వాణ్ణి అనడానికి లేదు. జిల్లాలకే మనుషుల పేర్లు పెట్టుకునే చోటు నుంచి వెళ్ళినవాడు, ఇంకెలా అనుకుంటాడు? ఆ ఊరు ఎనిమిది వందల ఏళ్ళకు పైబడినది, ఆ తాతగారికి, అంటే డేవిడ్ అటెన్‌బరోకి, వందేళ్ళు. ఇక్కడ మనిషికే ఊరి పేరు వచ్చిందిరా అని చెప్పాను. వాడి రూమ్మేట్ ఊరుకోలేదు. అది ఊరి పేరు కాదు, "ఎట్ ది బరో", అంటే కోట దగ్గర ఉండేవాడు అని అర్థం, ఇంటర్నెట్‌లో ఉంది అన్నాడట. అక్కడ మొదలైన వాదన మా ఫ్యామిలీ గ్రూపులో వారం నడిచింది. అప్పటినుంచి బయటున్న మన పిల్లలు ఎవరు ఫోన్ చేసినా ఆఫీసులో ఎవరిదో వింత ఇంటిపేరు చెప్పి, దీని పుట్టుక ఎక్కడ చూడాలి, దేన్ని నమ్మాలి అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను, అదీ ఈ ఒక్క పేరునే పట్టుకుని.

స్మిత్ అంటే కమ్మరి, టేలర్ అంటే దర్జీ, ఈ పేర్లు చాలావరకు 13, 14 శతాబ్దాల్లో వంశానికి అతుక్కుపోయాయి, ఇవన్నీ మీకు తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

ముందు నిఘంటువు సంగతి. ఇంటిపేర్ల నిఘంటువుల పాత పద్ధతి ఏమిటంటే పేరును ముక్కలు చేసి ఒక్కో ముక్కకి అర్థం చెప్పడం. అటెన్‌బరోని ఇలా విడదీస్తే రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, ఊరి పేరు. ట్రెంట్ నది ఒడ్డున, నాటింగ్‌హామ్ నగరానికి నైరుతి వైపు ఉన్న అటెన్‌బరో అనే ఊరు, దాని పేరుకి "అడ్డా అనేవాడి కోట" అని అర్థం. అడ్డా అంటే మన కూలీల అడ్డా కాదండీ, పాత ఇంగ్లీషువాళ్ళ మగపేరు. రెండోది మా వాడి రూమ్మేట్ చెప్పింది, మధ్యయుగపు ఇంగ్లీషులో "అటెన్" అంటే "ఫలానా దాని దగ్గర" అని, "బరో" అంటే కోట అని.

రెండోది వినగానే నిజమే అనిపిస్తుంది, నాకూ మొదట అనిపించింది. కాస్త వ్యాకరణం తెలిస్తే మాత్రం కాలు కుంటుతుంది. ఈ "అటెన్"లో చివరి నకారం నిలబడేది ముఖ్యంగా అచ్చుల ముందు. యాష్ చెట్టు దగ్గర ఉండేవాడు "అటెన్ యాష్", అది జారి జారి నాష్ అయింది. ఓక్ చెట్టు దగ్గరివాడు నోక్స్ అయ్యాడు. హల్లు వచ్చినచోట నకారం రాలిపోయి అట్‌వుడ్, అట్‌వెల్ లాంటివి మిగిలాయి. బరోలో బకారం హల్లే కదా, మరి నకారం ఎలా నిలిచింది? పైగా కోటకి పాత ఇంగ్లీషు మాట "బుర్హ్" స్త్రీలింగం. స్త్రీలింగానికి "అటెన్" కాదు, "అటర్" రావాలి. అలా వచ్చిన ఇంటిపేరు నిజంగానే ఉంది కూడా, అటర్‌బరీ. ఇన్ని చెప్పినా ఇది తిరుగులేని రుజువని అనను, ఎందుకంటే ఇంటిపేర్లు గట్టిపడే నాటికి ఇంగ్లీషులో లింగభేదం చాలావరకు చెదిరిపోయింది, పామరుడు ఏదంటే అదే పేరు. బరో అన్నది కోట కాదు, గుట్ట అనేవాళ్ళూ ఉన్నారు, గుట్టకి పుంలింగం కాబట్టి "అటెన్" ఒప్పుతుంది. అంటే నిఘంటువు దగ్గర కూర్చుంటే మూడు అర్థాలూ చేతిలో పెట్టి, తేల్చుకో అంటుంది. ఒక్కో మాటకీ అర్థం చెప్పడంలో దానికి సాటి లేదు, ఆ మాటల్లోంచి ఏది నిజంగా జరిగిందో చెప్పమంటేనే నీళ్ళు నములుతుంది.

సైక్స్ అనే పేరు చూడండి. అర్థం చాలా తేలిక, "సైక్" అంటే చిన్న వాగు. వాగు లేని ఊరు ఎక్కడుంది? కాబట్టి ఈ పేరు చాలాచోట్ల విడివిడిగా పుట్టి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఆక్స్‌ఫర్డ్‌లో జన్యుశాస్త్రం చెప్పిన బ్రయాన్ సైక్స్ అదే పేరున్న 48 మంది మగవాళ్ళ వై క్రోమోజోములు (మగవాళ్ళకే ఉండే డీఎన్‌ఏ పోగులు) పోల్చి 2000లో ప్రచురించారు. దాదాపు సగం మందికి ఒకటే వచ్చింది. అంటే వాగులు ఎన్ని ఉన్నా, ఇవాళ మిగిలిన సైక్సుల్లో చాలామందికి మూలపురుషుడు ఒక్కడే అయి ఉండాలి.

దాంతో అందరికీ డీఎన్‌ఏ మీద గురి కుదిరింది. కుదరాలి కూడా. వై క్రోమోజోమూ, ఇంటిపేరూ రెండూ తండ్రి నుంచి కొడుక్కే వెళ్తాయి. మనవాళ్ళు సంబంధం మాట్లాడేటప్పుడు ఇంటిపేరు ఒకటే అయినా గోత్రం అడిగి, వేరైతే హమ్మయ్య అనుకుంటారు చూడండి, ఇది ఇంచుమించు ఆ పనే చేస్తుంది. లెస్టర్ విశ్వవిద్యాలయంలో ట్యూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 ఇంటిపేర్లు, 1,678 మంది మగవాళ్ళతో చేసిన పరిశోధన 2009లో వచ్చింది. స్మిత్‌లాంటి పేర్లలో ఏ చుట్టరికమూ కనిపించలేదు, దారినపోయే ఇద్దరిని పోల్చినట్టే ఉంది. పేరు అరుదయ్యేకొద్దీ చుట్టరికం బయటపడింది. అటెన్‌బరో, స్విండిల్‌హర్స్ట్ లాంటి పేర్లలో నూటికి డెబ్బై మందికి పైగా ఒకే రకం, లేదా దాదాపు ఒకే రకం వై క్రోమోజోము. తమాషా ఏమిటంటే ఆ లెస్టర్ విద్యాసంస్థ విశ్వవిద్యాలయం కాకముందు కాలేజీగా ఉన్నప్పుడు దానికి 1932 నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు ప్రిన్సిపాల్‌గా చేసింది ఫ్రెడరిక్ అటెన్‌బరో, అంటే డేవిడ్‌కీ, గాంధీ సినిమా తీసిన రిచర్డ్‌కీ నాన్నగారు.

ఇక్కడితో కేసు కొట్టేసి "మూలపురుషుడు ఒక్కడే, కాబట్టి ఊరి పేరే" అనొచ్చా? చాలామంది అనేస్తున్నారు. నాకు మాత్రం ఇక్కడే తేడా కొడుతుంది. ఆ పరిశోధకులే చెప్పిన సంగతి ఒకటుంది. మొదట్లో పదిమంది వేర్వేరు మనుషులు అదే పేరు పెట్టుకుని ఉండొచ్చు, ప్లేగు వచ్చి కొందరు, కొడుకులు లేక కొందరు, ఆడపిల్లల పెళ్ళిళ్ళతో కొందరు అంతరించిపోయి, చివరికి ఒకడి వంశమే మిగిలి ఉండొచ్చు. ఇరవై తరాల తరువాత చూసేవాడికి ఈ రెండు కథలూ ఒకేలా కనిపిస్తాయి. మిగిలినవాళ్ళు ఒకే తాత మనవలని డీఎన్‌ఏ చెప్పగలదు గానీ, ఆ తాత కోట గోడ పక్కన ఉన్నందుకు పేరు వచ్చిందా, అటెన్‌బరో నుంచి వలస వచ్చినందుకు వచ్చిందా అంటే దానికేం తెలుసు?

అందుకే నా ఓటు పటానికి.

1881 జనగణన కాగితాలను వాలంటీర్లు ఏళ్ళ తరబడి కూర్చుని పూర్తిగా కంప్యూటర్లోకి ఎక్కించారు, దాని పుణ్యమా అని ఏ ఇంటిపేరు ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఎందరికి ఉందో పటం మీద రంగుల్లో చూడొచ్చు. జనం రైళ్ళెక్కి నగరాలకు వెళ్ళడం అప్పటికే మొదలైనా, అరుదైన పేర్లు ఇంకా పుట్టిన చోటనే చాలావరకు ముడుచుకుని ఉన్న కాలం అది. అటెన్‌బరో అని కొట్టి చూస్తే దేశమంతా తెల్లగా, వెలిసిపోయినట్టు ఉండి, మధ్యలో నాటింగ్‌హామ్‌షైర్, దాన్ని ఆనుకుని డెర్బీషైర్ ముదురుగా కనిపిస్తాయి. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. కోటలు ఇంగ్లండులో ఎక్కడ లేవు? "కోట దగ్గరివాడు" అన్న పేరైతే కెంట్‌లో పుట్టాలి, డెవన్‌లో పుట్టాలి, యార్క్‌షైర్‌లో పుట్టాలి. సరే, అన్నిచోట్లా పుట్టి ఒకటే మిగిలిందనుకుందాం, డీఎన్‌ఏ దానికి అడ్డు చెప్పదు. ఆ మిగిలిన ఒక్కటీ ఏ మూలనైనా మిగలొచ్చు కదా, సరిగ్గా అటెన్‌బరో అనే ఊరు ఉన్న కౌంటీలోనే ఎందుకు మిగిలింది? ఈ ప్రశ్నకి రూమ్మేట్ దగ్గర జవాబు లేదు. ఊరి పేరు అనుకుంటే జవాబే అక్కర్లేదు. డేవిడ్, రిచర్డ్‌ల తాతగారి ఊరు స్టేపుల్‌ఫర్డ్, బేకరీ పని. ఆ స్టేపుల్‌ఫర్డ్ నుంచి అటెన్‌బరోకి ఓపికుంటే నడిచి వెళ్ళొచ్చు. ఆరేడు వందల ఏళ్ళలో ఆ వంశం కదిలింది అంత దూరమే!

ఒక సందేహం తప్పకుండా వస్తుంది, మా అక్కకి వచ్చింది కూడా: "అయితే ఆ ఊళ్ళోనే అందరికీ ఆ ఇంటిపేరు ఉండాలి కదరా, చుట్టుపక్కల ఎందుకు?" అక్కా, ఊళ్ళో ఉన్నవాణ్ణి ఊరి పేరుతో ఎవరు పిలుస్తారు? కందుకూరులో అందరూ కందుకూరువాళ్ళే. పొలిమేర దాటి వేరే ఊరు వెళ్ళినప్పుడే "ఆ కందుకూరాయన" అవుతాడు. త్యాగరాజుగారి ఇంటిపేరు కాకర్ల, ఆ ఊరు పాత ప్రకాశం జిల్లాలో, ఆయన ఉన్నది తిరువయ్యారులో. మా ఇంటిపేరూ ఒక ఊరి పేరే. రెండేళ్ళ కిందట ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్ళి, బస్సు దిగిన చోట టీ కొట్టులో, ఇక్కడ మా ఇంటిపేరు వాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాను. కొట్టాయన గ్లాసు కడుగుతూ నన్ను ఎగాదిగా చూసి, "ఉన్నది ఊరే కదండీ, మళ్ళీ ఇంటిపేరెందుకు?" అన్నాడు. టీకి డబ్బులు కూడా తీసుకోలేదు.

పటానికి లోపం లేదని కాదు. ఊరు అంతరించిపోతే పటంలో రంగు మిగిలి, కింద ఊరు ఉండదు, అప్పుడు మళ్ళీ పాత దస్తావేజుల కాళ్ళు పట్టుకోవాలి. కుటుంబం ఎప్పుడో నాలుగు కౌంటీల అవతలికి వెళ్ళి అక్కడ పిల్లాపాపలతో పెరిగినా పటం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

ఇప్పుడు ఎంతమంది ఉన్నారు అన్న ప్రశ్న. వెబ్‌సైట్లలో అంకె చూడగానే "అబ్బో, 1881 కంటే రెట్టింపు అయ్యారు" అనుకోకండి. 1881లో బ్రిటన్ జనాభా సుమారు 3 కోట్లు, ఇప్పుడు ఆరున్నర కోట్ల చిల్లర. అంటే అప్పుడు 400 మంది ఉన్న పేరుకి ఇప్పుడు 880 మంది ఉంటే ఆ పేరు పెరగనూ లేదు, తరగనూ లేదు, జనంతో పాటు నడిచిందంతే. 500 దగ్గరే ఆగితే సన్నగిల్లుతున్నట్టు లెక్క. ఇలా అప్పటి అంకే, ఇప్పటి అంకే పక్కపక్కన కావాలంటే మాత్రం నిఘంటువు దగ్గరికే వెళ్ళాలి, పాతది కాదు, 2016లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ వేసిన నాలుగు సంపుటాలది. ప్యాట్రిక్ హ్యాంక్స్, రిచర్డ్ కోట్స్, పీటర్ మెక్‌క్లూర్ చేసిన పని. వందమందికి మించి ఉన్న ఇంటిపేరు ప్రతిదీ అందులో ఉంది, 45,600 పైచిలుకు, 1881 లెక్కా 2011 లెక్కా రెండూ ఇచ్చారు. వాళ్ళూ పేరు ఎక్కడ కుప్పపడి ఉందో చూశాకే అర్థం చెప్పారు, నిఘంటువు వాళ్ళే పటం వైపు వచ్చేశారన్నమాట. వెల చూస్తే గుండె గుభేలుమంటుంది, లైబ్రరీలో చూసుకోండి.

మిగతావి రెండు ముక్కల్లో. చర్చి రిజిస్టర్లు 1538 నుంచి మొదలు, అన్నిటికంటే గట్టి సాక్ష్యం, మీకు పదేళ్ళు ఖాళీ ఉంటే. ఒకే ఇంటిపేరు మీద జీవితాంతం పనిచేసే ఔత్సాహికుల సంఘం 1979 నుంచి ఉంది, మీ పేరును ఎవరైనా పట్టుకుని ఉంటే అదృష్టమే, ఒక ఈమెయిల్ పెట్టండి. ఇంటర్నెట్‌లో ఇంటిపేరు కొడితే, మీ వంశచిహ్నం ఇదేనంటూ డాలూ సింహమూ అచ్చేసిన కప్పు అమ్మే కొట్లుంటాయి, నేనూ ఒకసారి రిటైరవుతున్న ఇంగ్లీషు సహోద్యోగికి కొనిచ్చాను, ఆయన మర్యాదకి నవ్వి, "ఈ చిహ్నాలు మనిషికి ఇస్తారు, ఇంటిపేరుకి కాదు" అని చెప్పి, అందులో పెన్నులు పెట్టుకున్నాడు.

మా మేనల్లుడు మళ్ళీ అటెన్‌బరో వెళ్ళాడు. ఊరి పక్కన కంకర తవ్వేసిన గుంతల్లో నీళ్ళు నిండి పక్షుల చెరువులయ్యాయి, ఆ రిజర్వును 1966లో తెరిచింది డేవిడ్ అటెన్‌బరోయే, అక్కడ బాతుల ఫొటోలు తీసి పంపాడు. రూమ్మేట్ ఇంకా ఒప్పుకోలేదట. ఈసారి షఫుల్‌బాటమ్ అనే పేరు పట్టుకొచ్చాడు. నవ్వకండి, ఆ "బాటమ్" అంటే లోయ అడుగు. పటం తెరిస్తే లాంకషైర్ మీదికి వెళ్ళాలి.