లెవెల్ టెన్షన్ పోయింది, గాలి టెన్షన్ మిగిలింది: జూమ్ ఎఫ్3, దాని వెంట తిరిగే సరంజామా

ఉరుము అనే తోలు వాయిద్యం వాయిస్తూ ఆడే ఉరుముల నృత్యం ఒక్కసారి రికార్డు చేసి చూస్తే చాలు, చేతిలో ఉన్న రికార్డరు సత్తా ఏంటో తెలిసిపోతుంది. పాట మొదలైనప్పుడు గొంతు సన్నగా వస్తుంది. కాసేపటికి కళాకారుడు పుల్లతో చర్మాన్ని రాస్తూ ఉరుమును గుర్రుమనిపిస్తాడు, ఆ వెంటనే దెబ్బ పడుతుంది. గజ్జెలు, తోటివాళ్ల కేకలు అన్నీ కలిసి ఒకేసారి మీద పడతాయి. గొంతుకు తగ్గట్టు లెవెల్ పెడితే, అంటే రికార్డరు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలో పెడితే, దెబ్బ పగిలిపోతుంది. దెబ్బకు తగ్గట్టు పెడితే, తర్వాత ఎడిటింగులో గొంతును పైకి లేపేసరికి దాంతోపాటు హిస్సు కూడా లేచొస్తుంది.

అనంతపురం, ధర్మవరం, కదిరి వైపు జానపద కళలు, జాతరలు, అప్పుడప్పుడు డాక్యుమెంటరీల కోసం ఇంటర్వ్యూలు రికార్డు చేయడం నా పని. చాలాకాలం జూమ్ కంపెనీ హెచ్5 రికార్డరుతో నడిపించాను. కొన్నేళ్లుగా అదే కంపెనీ ఎఫ్3 వాడుతున్నాను. హెచ్5ను మాత్రం అమ్మలేదు, ఎందుకో కింద చెప్తాను.

ఎఫ్3 2022లో వచ్చింది. అరచేతిలో ఇమిడిపోతుంది, బ్యాటరీలు వేసినా పావుకిలో తూగదు. పెద్ద మైకుల తీగలు గుచ్చే రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్లు, ఒక మైక్రో ఎస్‌డీ కార్డు, ఒక యూఎస్‌బీ-సి. గెయిన్ తిప్పే బొత్తం, అంటే లెవెల్ పెట్టేది, అసలు లేనే లేదు. వేరే రికార్డర్లకు అలవాటు పడినవాళ్లకు మొదట్లో ఏం చేయాలో తోచదు. లోపల ఒక్కో ఛానెల్‌కు, శబ్దాన్ని అంకెలుగా మార్చే ఏ-డి కన్వర్టర్లు రెండేసి ఉంటాయి. మార్కెట్ యార్డులో బస్తాలు తూచే కాటా, బంగారం అంగట్లో త్రాసు పక్కపక్కన పెట్టుకున్నట్టు, ఒకటి పెద్ద శబ్దాన్ని చూసుకుంటే ఇంకొకటి చిన్న శబ్దాన్ని చూసుకుంటుంది. రెండూ కలిపి 32-బిట్ ఫ్లోట్ ఫైలుగా రాస్తుంది. 24-బిట్ ఫైలులో లెక్క ప్రకారం 144 డెసిబెల్స్ పడితే, ఫ్లోట్‌లో 1,500 పైమాటే. అంత తేడా ఉన్న శబ్దాలు లోకంలో ఎక్కడా ఉండవు కాబట్టి ఆ అంకె ప్రకటనలకే పనికొస్తుంది. మనకు కావాల్సింది ఒక్కటే. ఎడిటింగులో ఫైలు తెరిచినప్పుడు అల పైన నరికేసినట్టు కనిపించినా, కిందికి దించగానే పూర్తి ఆకారంతో బయటికి రావాలి. ఎఫ్3లో అది వస్తుంది. ఇన్నాళ్లలో రికార్డరు వల్ల పగిలిన దెబ్బ నా ఫైళ్లలో ఒక్కటీ లేదు.

అంగట్లో చెప్పని సంగతి ఒకటుంది. రికార్డరు పగలకపోయినా మైకు పగలొచ్చు. రోడ్ ఎన్‌టీజీ2 లాంటి షాట్‌గన్ మైకు (ఎదురుగా ఉన్న శబ్దాన్నే ఎక్కువగా పట్టే పొడుగు మైకు) 131 డెసిబెల్స్ వరకే తట్టుకుంటుంది. మనం కూర్చుని వినే దూరంలో ఏ వాయిద్యమూ అంత గట్టిగా మోగదు కానీ, ఉరుము ముందు జానెడు దూరంలో మైకు పెట్టేవాళ్లు ఈ లెక్క చూసుకోవాలి. వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ కూడా అంతే. దాని లోపలే శబ్దం పగిలి వస్తే, చివర్లో ఫ్లోట్ ఉన్నా లేకపోయినా ఒకటే. ఇంకో తిరకాసు హెడ్‌ఫోన్‌తో వస్తుంది. పెద్ద దెబ్బ పడినప్పుడు చెవిలో గరగరమంటుంది, ఫైలు మాత్రం శుభ్రంగానే ఉంటుంది. పగిలేది హెడ్‌ఫోన్‌కు ఇచ్చే శబ్దం మాత్రమే. వాల్యూమ్ తగ్గించి మళ్లీ వింటే తేలిపోతుంది. నా దగ్గరున్నది సోనీ ఎండీఆర్-7506. తీగ చుట్టలు చుట్టలుగా ఉండి జనంలో అందరి చేతులకూ తగులుకుంటుంది గానీ, వినడానికి దానికి వంక పెట్టలేను.

చిన్న శబ్దాల దగ్గరే ఎఫ్3 మీద నాకు ఎక్కువ ఇష్టం ఏర్పడింది. నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట ఆడించే ఒక పెద్దాయనతో మాట్లాడుతున్నప్పుడు, ఆయన ముందు మామూలుగా మాట్లాడి, తర్వాత సీత గొంతు ఎలా పట్టాలో చూపిస్తూ దాదాపు గుసగుసలోకి దిగిపోయాడు. హెచ్5లో అయితే అలాంటి చోట హిస్సు గొంతుతో పోటీ పడేది. ఎఫ్3లో మైకు శబ్దాన్ని పెంచే ప్రీఆంప్ నిశ్శబ్దంగా ఉంటుంది, వాకిట్లో మేక నమలడం కూడా వినిపించింది. అదే రాత్రి ఆటలో తెర వెనక చెక్కల మీద కాళ్లతో దభాలుమని తొక్కుతుంటే, ఏ సెట్టింగూ ముట్టుకోకుండా అదీ పట్టింది. “ఏం నాయనా, ఇంత డబ్బీలోకే ఆటంతా పోతాదా?” అని అడిగాడాయన. పోతుంది. 48 కిలోహెర్ట్జ్‌లో రెండు ఛానెళ్లు గంటకు 1.4 జీబీ లోపే, 64 జీబీ కార్డు ఉంటే తెల్లవార్లూ ఆట ఆడినా సగం కూడా నిండదు.

నచ్చనివి కూడా ఉన్నాయి. సొంత మైకు లేదు, కాబట్టి సంచిలోంచి తీసి అలాగే రికార్డు చేయడం కుదరదు. మైక్రో ఎస్‌డీ కార్డు చెమట చేతులతో తీసి పెట్టడం చికాకు, మట్టిలో పడితే వెతుక్కోవాల్సిందే. ఒక్క కార్డుకే రాస్తుంది. ఖరీదైన రికార్డర్లలో జూమ్ ఎఫ్8ఎన్ అయితే రెండు కార్డులకు ఒకేసారి రాస్తుంది, సౌండ్ డివైసెస్ మిక్స్‌ప్రీ-3 రెండో తరం అయితే పెన్‌డ్రైవ్‌కు తనంతట తానే కాపీ చేసుకుంటుంది. వాటి ధరకు మా పనుల్లో వచ్చే డబ్బు సరిపోదు.

ఇక కరెంటు. రెండు ఏఏ బ్యాటరీలతో, రెండు మైకులకూ 48 వోల్టుల ఫాంటమ్ (మైకు నడవడానికి దాని తీగలోంచే పంపే కరెంటు) ఇస్తూ రాత్రంతా నడిపించడం అయ్యే పని కాదు. లోపల మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకునే ఎనలూప్ బ్యాటరీలు వేసి, బయట పవర్ బ్యాంకు తగిలిస్తాను. మెనూలో బ్యాటరీ రకం నికెల్ మెటల్ హైడ్రైడ్ అని మార్చుకోవాలి. అవి 1.2 వోల్టులవి, ఆల్కలైన్ 1.5. మార్చకపోతే బ్యాటరీలో ఛార్జి ఉండగానే ఖాళీ అయినట్టు చూపిస్తుంది. పవర్ బ్యాంకు ఉన్నా లోపల బ్యాటరీలు వేసే ఉంచమని గట్టిగా చెప్తాను. గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండుగ రాత్రి ఒక కుర్రాడు నా పక్కన కూర్చుని, “అన్నా, రవ్వంత సేపు చార్జింగ్ పెట్టుకుంటాన్నా, ఫోను చచ్చిపోతాంది” అంటూనే పవర్ బ్యాంకు రెండో రంధ్రంలో తీగ గుచ్చేశాడు. చాలా పవర్ బ్యాంకుల్లో కొత్త తీగ తగిలించగానే ఎంత కరెంటు ఇవ్వాలో మళ్లీ లెక్క వేసుకుంటూ, అన్ని రంధ్రాలకూ ఒక్క క్షణం సరఫరా ఆపేస్తాయి. ఆ క్షణం లోపలి ఎనలూప్‌లు అందుకున్నాయి, ఫైలు తెగలేదు. అప్పటినుంచి రెండో రంధ్రం మీద గాఫర్ టేపు వేసి ఉంచుతాను. చార్జింగ్ అడిగేవాళ్ల కోసం సంచిలో వేరే పాత పవర్ బ్యాంకు ఒకటి. జాతరలో కాదంటే బాగుండదు.

ఎండ సంగతి వేరే చెప్పాలా. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటాక, మూసిన కారులో వదిలేసిన పవర్ బ్యాంకు వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. రికార్డరుకు ఏమీ కాలేదు గానీ, కరెంటు సామాను మాత్రం నీడలో, నూలు గుడ్డ సంచిలోనే తిరగాలి.

గాలి దగ్గర ఏ రికార్డరూ ఆదుకోదు. రామగిరి వైపు గాలిమరలు ఊరికే పాతలేదు. ఆషాఢంలో ఆ గాలికి మైకు ముందు దడదడమనే శబ్దం మైకు పొరనే ఊపేస్తుంది. అలా పాడైన శబ్దాన్ని 32-బిట్ కాదు కదా, 64-బిట్ వచ్చినా బాగుచేయలేదు. మైకుతోపాటు ఇచ్చే స్పాంజి ఇంట్లో ఫ్యాను కింద చాలు, బయట దండగ. బొచ్చు కవరు కనీస అవసరం. గట్టి గాలిలో బ్లింప్ లేనిదే పని కాదు, అంటే మైకు చుట్టూ ఖాళీ వదిలే పంజరం, దాని మీద బొచ్చు. మన నేలలో బొచ్చు కవరుకు వచ్చే అసలు కష్టం పల్లేరుకాయలు. ఒక్కసారి కింద పెడితే గుచ్చుకుని రావు, లాగితే బొచ్చు ఊడుతుంది. పళ్లు దూరంగా ఉన్న దువ్వెన ఒకటి సంచిలో ఉంటే మేలు.

గాలి అనగానే అందరూ లో-కట్, అంటే బరువైన కింది శబ్దాలను తీసేసే ఫిల్టర్, వేయమంటారు. ఇంటర్వ్యూలకు సరే. ఉరుములకు వేస్తే గుర్రుమనే ఆ కింది శబ్దమే పలచబడుతుంది, మిగిలేది ఉత్త టకటక. రికార్డింగులో తీసేసింది తర్వాత తిరిగి రాదు, ఎడిటింగులో కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. కాబట్టి వాయిద్యాల దగ్గర లో-కట్ జోలికి పోను.

ఇప్పుడు హెచ్5. ఇది 2014 నాటిది. దీంట్లో బ్యాకప్ రికార్డింగ్ అని ఒకటుంది. అసలు ఫైలుతోపాటు 12 డెసిబెల్స్ తక్కువ లెవెల్‌తో ఇంకో ఫైలు రాస్తుంది. కొనే ముందు తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఆ సదుపాయం పైన ఉండే సొంత మైకుల జతకే (వాటినే ఎక్స్‌వై మైకులంటారు), కింది ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్లకు కాదు. అందుకే నేను దాన్ని ఎక్స్‌వై మైకులతోనే, మనుషుల చేతులకు అందని ఎత్తులో స్టాండు మీద వదిలేస్తాను. ఎఫ్3లో శబ్దం బయటికి ఇచ్చే లైన్ అవుట్ నుంచి తీగ లాగి హెచ్5లో రికార్డు చేసి దాన్ని బ్యాకప్ అనేవాళ్లున్నారు. ఎఫ్3 ఆగితే ఆ తీగలో కూడా ఏమీ రాదు. మైకు తీగ తెగితే రెండింటిలోనూ నిశ్శబ్దమే. నా లెక్కలో బ్యాకప్‌కు వేరే మైకు, వేరే కరెంటు, వేరే కార్డు ఉండాలి. మూడింటిలో ఒక్కటి కలిసినా అది సగం బ్యాకప్పే.

పాడే మనిషి ఒంటిమీదికి టాస్కామ్ డీఆర్-10ఎల్ అనే బుల్లి రికార్డరు పెడతాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, ఒక్క ఏఏఏ బ్యాటరీ, బట్టలకు తగిలించే చిన్న లావలియర్ మైకు, గాల్లో ఏ సిగ్నలూ పంపదు. ఆల్కలైన్ వేస్తే పది గంటల దాకా వస్తుంది. ఇది కూడా 6 డెసిబెల్స్ తక్కువతో రెండో ఫైలు రాసుకుంటుంది. హోల్డ్ బొత్తం వేసి జేబులో పెట్టాలి, లేకుంటే హరికథ దాసు పక్కకు తిరిగినప్పుడల్లా బొత్తాలు నొక్కుకుపోతాయి. వేల ఫోన్లు ఉన్న చోట 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ మైకులు తడబడతాయి. మధ్యలో మనిషి ఒళ్లు అడ్డమొస్తే మరీను. లోపలే రికార్డు చేసుకునే రకం అయితేనే వైర్‌లెస్ కొనండి. డీఆర్-10ఎల్‌తో వచ్చే ఇబ్బంది, మాట సరిగా పడుతోందో లేదో మనకు వినపడకపోవడం. మొదట్లో ఒక నిమిషం హెడ్‌ఫోన్ పెట్టి విని, తర్వాత దేవుడి మీద భారం వేయాల్సిందే.

మూడు రికార్డర్లు అంటే మూడు గడియారాలు. వాటి మధ్య పది లక్షల్లో పది పాళ్ల తేడా ఉన్నా గంటకు 36 మిల్లీసెకన్లు జరుగుతాయి, వీడియోలో దాదాపు ఒక ఫ్రేము. బుర్రకథ గంటలకొద్దీ సాగితే పెదాలకూ మాటకూ పొత్తు కుదరదు. అన్నిటి గడియారాలనూ కలిపి ఉంచే టైమ్‌కోడ్ పెట్టెలు కొనకుండా దీనికి చవకైన మందు ఉంది. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టించడం. చివరి చప్పట్లు మర్చిపోకుండా కొట్టించే బాధ్యత కెమెరా తమ్ముడికి అప్పగించాను.

ఊళ్లో మైక్ సెట్ మిక్సర్ నుంచి లైన్ తీసుకునేటప్పుడు ఎఫ్3లో ఆ ఛానెల్‌ను లైన్‌కు మార్చి, ఫాంటమ్ ఆపేయాలి. కరెంటు లైను వల్ల 50 హెర్ట్జ్ హమ్ము వస్తే మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ఒకటి తగిలించాలి. మైక్ సెట్ అన్నతో ముందే రెండు మాటలు మాట్లాడి టీ తాగితే ఇదంతా సులువు. మధ్యలో వెళ్లి అడిగితే తీగ చేతికిచ్చి ఆయన పని ఆయన చూసుకుంటాడు.

కార్డుల విషయంలో ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికింది కదా అని కొంటే, పైన 128 జీబీ అని రాసి లోపల అందులో కొంతే ఉండే నకిలీలు దొరుకుతున్నాయి. ఒకటి నాకూ వచ్చింది. కొత్త కార్డు రాగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో నిండా రాయించి చదివించి చూశాకే సంచిలో వేస్తాను. అదీ అయ్యాక రికార్డరులోనే ఫార్మాట్ చేయాలి. ఆట అయిపోగానే, ఊరు దాటకముందే, ఆండ్రాయిడ్ ఫోనుకు ఓటీజీ హబ్బు తగిలించి కార్డులోంచి ఎస్‌ఎస్‌డీకి కాపీ చేస్తాను. కార్డు నా జేబులో, ఎస్‌ఎస్‌డీ కెమెరా తమ్ముడి సంచిలో, ఇద్దరం వేర్వేరు బండ్ల మీద. ఇల్లు చేరి మూడో కాపీ తీశాకే కార్డు తుడుస్తాను.

అనంతపురంలో ఈ సామాను చూసి కొనే అంగడి లేదు. తీగలు, కనెక్టర్లు బెంగుళూరు ఎస్పీ రోడ్డులో తెచ్చుకుని సోల్డరింగ్ నేనే చేసుకుంటాను. కేవలం ఇంటర్వ్యూలు, పెళ్లి వీడియోలు చేసేవాళ్లకు ఎఫ్3 అవసరం లేదు. వాడిన హెచ్5 ఒకటి, డీఆర్-10ఎల్ ఒకటి చాలు. పాత హెచ్5 కొనేటప్పుడు మాత్రం పైన ఎక్స్‌వై మైకును తీసి పెట్టి, అటూ ఇటూ కదిలిస్తూ హెడ్‌ఫోన్‌లో వినండి. చాలాసార్లు ఊడదీసి పెట్టినవైతే ఆ కనెక్టర్ దగ్గరే కరకరమంటుంది.