పెట్రోల్ ముల్లు పడిపోతోందని షెడ్డుకి వెళ్తున్నారా? వైరు సాకెట్ చూడకుండా ట్యాంకు విప్పనివ్వకండి

శ్రీకాకుళం టౌన్‌లో కార్లు బాగుచేయించుకునేవాళ్లకి ఆ షెడ్డు ఏదో చెప్పక్కర్లేదు. పేరు రాస్తే ఇంకో గొడవ, అందుకే రాయట్లేదు. జరిగింది మాత్రం రాస్తాను, 8,400 రూపాయలు అన్యాయంగా లాక్కున్నారు.

మా కారులో పెట్రోల్ ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోయేది, గతుకులో పడితే మళ్లీ లేచేది. ట్యాంకులో సగం పైన ఉన్నా రిజర్వు లైటే. రాత్రిపూట పలాస నుంచి హైవే మీద వస్తుంటే ఆ లైటు చూసి ఇంట్లోవాళ్లందరికీ టెన్షన్. షెడ్డువాడు తాళం తిప్పి ముల్లు చూశాడు, అంతే, ట్యాంకు సాకెట్ ఉండే వెనక సీటు కూడా ఎత్తలేదు. "ట్యాంకులో పంపు అసెంబ్లీ మొత్తం పోయింది సార్, పెట్రోల్ కొలిచే సెన్సార్ ఒక్కటీ విడిగా దొరకదు" అన్నాడు. సాయంత్రానికి మార్చేశానని డబ్బు తీసుకున్నాడు.

బంకులో ఫుల్ ట్యాంక్ కొట్టించాం. ముల్లు కిందే ఉంది!

వెనక్కి వెళ్తే "అయితే మీటర్ బోర్డు కూడా మార్చాలి" అంటాడు. సరే, ముందు మా పాత సామాను చూపించు అన్నాను. "పాత సామాను మీకేటికి సార్, తుక్కులో పడేసినాం." అతని వెనకాల రాక్‌లో పెట్రోల్ మీద తేలే బెండు, దాని కడ్డీతో సహా ఒక పంపు యూనిట్ తుడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంది. అది మాదేనని నా దగ్గర రుజువు లేదు. కాకపోతే ఒకసారి చేతికివ్వడానికేం? అదే అడిగితే కుర్రాళ్లందరి ముందూ "అంత తెలిసినోళ్లు మీరే చేసుకోవాల్సింది, ఇక్కడికెందుకొచ్చారు" అని గొంతు పెంచాడు. కారులోంచి దిగిన మా నాన్నగారు "బాబూ, ఒక్కసారి చూపిస్తే సరిపోతుంది కదా" అని మెల్లగా అంటే, ఆయన మొహం కూడా చూడకుండా "పనుంది, అడ్డు తప్పుకోండి" అన్నాడు. డబ్బు పోయిన బాధ కంటే ఆ మాటే నన్ను ఇప్పటికీ మండిస్తోంది. అంత వయసాయనతో మాట్లాడే తీరేనా అది? బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద అంకె రాసిచ్చాడు, పార్ట్ నంబర్ లేదు, జీఎస్టీ లేదు.

తర్వాత నరసన్నపేటలో ఒక పెద్దాయన, ఆటో ఎలక్ట్రీషియన్, వెనక సీటు ఎత్తి సాకెట్ ఊడదీసి చూపించారు. ఎర్త్ పిన్ను మీద పచ్చగా చిలుము. "పంపు పోతే బండి స్టార్టే అవదు కదా బాబూ" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు మొత్తం అర్థమైంది. పెట్రోల్‌తో పాటు బెండు పైకీ కిందికీ కదిలితే దాని కడ్డీ రెసిస్టెన్స్ పట్టీ మీద జరుగుతుంది, ఆ రెసిస్టెన్స్ ఎన్ని ఓమ్స్ ఉందో దాన్ని బట్టే ముల్లు కదులుతుంది. ఎర్త్ అందకపోతే సర్క్యూట్ తెగినట్టే, మా బండిలో అప్పుడు ఖాళీ అని చూపిస్తుంది. పిన్ను గీకి కొత్త టెర్మినల్ వేశారు, 300 తీసుకున్నారు. తాళం తిప్పగానే ముల్లు మెల్లగా ఫుల్ దాకా వెళ్లింది.

కాబట్టి ముందు సాకెట్, ఎర్త్ చూడమనండి. అవి బాగుంటేనే యూనిట్ బయటికి తీయించి, మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి, కడ్డీని మెల్లగా కదిపిస్తే అంకె తెగకుండా మారుతుంటే సెన్సార్ బాగున్నట్టే. మధ్యలో ఎక్కడైనా తెగితే పట్టీ అరిగింది, బెండులోకి పెట్రోల్ దూరితే అది మునిగిపోతుంది, అప్పుడు మార్చాల్సిందే. చాలా బండ్లకి పంపు లేకుండా సెన్సార్ విడిగా దొరుకుతుంది, పార్ట్ నంబర్ పెట్టి షాపులో అడగండి. పాత సామాను డిక్కీలో పడ్డాకే డబ్బులివ్వండి, జీఎస్టీ బిల్లు తీసుకోండి.

నేను 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. జిల్లా కన్జ్యూమర్ కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. ఆ షెడ్డులో ఇలాగే పంపు మార్పించుకున్నవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే ఆ తెల్ల కాగితాలు పారేయకుండా నాకు చెప్పండి, కలిసి కేసు వేద్దాం.