జావా నుంచి ఎలిక్సిర్‌కి: కొన్నేళ్లు వాడాక చెబుతున్న మాట

బస్సు టికెట్ల బుకింగ్ వెనక నడిచే సర్వర్ ప్రోగ్రామ్‌లు రాయడం నా పని. మొదట చాలాకాలం జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాను. తర్వాత మా టీమ్ ఎలిక్సిర్ అనే మరో భాషకి మారింది, ఇప్పుడు రోజూ దాంతోనే పని. ఇలాంటి సర్వర్ పని కొత్తగా మొదలుపెట్టాల్సి వస్తే నేను మళ్లీ ఎలిక్సిరే తీసుకుంటాను. దానికి అన్నిటికంటే పెద్ద కారణం, ఇందులో ఒకసారి తయారైన డేటా ఇక మారదు.

జావాలో ఒక బుకింగ్ ఆబ్జెక్ట్‌ని (ఆ బుకింగ్ వివరాలన్నీ ఉన్న డేటా మూటని) నాలుగు మెథడ్‌లకి, అంటే కోడ్ ముక్కలకి, పంపితే, తిరిగొచ్చేసరికి లోపల ఏ ఫీల్డ్ (ఏ వివరం) మారిందో ఆ నాలుగూ తెరిచి చదివితే గానీ తెలియదు. పేరు ముందు ఫైనల్ అని రాస్తే చాలనుకుంటారు కొందరు. ఆ పేరుకి వేరే ఆబ్జెక్ట్ తగిలించకుండా మాత్రమే ఫైనల్ ఆపుతుంది. అది మామూలు అరేలిస్ట్ (జావాలో జాబితా) అయితే అందులోకి ఇంకో ప్రయాణికుణ్ణి ఎవరైనా చేర్చవచ్చు. ఛార్జీ తప్పు పడిందని ఫిర్యాదు వస్తే, ఈ విలువ ఎక్కడ మారిందా అని వెతకడంలోనే రాత్రులు గడిచిపోయేవి. ఎలిక్సిర్‌లో ఆ వెతుకులాట దాదాపు పోయింది. ఫంక్షన్‌కి ఒక మ్యాప్ (పేరు, విలువల జతలున్న డేటా) ఇస్తే అది కొత్త మ్యాప్ తిరిగిస్తుంది, నా దగ్గరున్నది ఉన్నట్టే ఉంటుంది. ప్రతిసారీ కాపీ చేస్తే మెమరీ ఏమవుతుందని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. మొత్తం కాపీ కాదు, మారని భాగాలను పాతదీ కొత్తదీ వీలైనంత వరకు పంచుకుంటాయి. ఎవరూ మార్చలేరన్న భరోసా ఉంది కాబట్టే అలా పంచుకోవడం కుదురుతుంది.

ఈ నియమం అసలు బలం చూడాలంటే సంక్రాంతి ముందు హైదరాబాద్–విజయవాడ బస్సుల బుకింగ్ చూడాలి. ఒకే సీటు కోసం ఒకే క్షణంలో చాలామంది నొక్కుతారు. జావాలో రాసినప్పుడు లాక్‌లు (ఒకరు డేటా మారుస్తుంటే మిగతావాళ్లని ఆపే తాళాలు), ఆ లాక్‌లు ఒకదాని కోసం ఒకటి ఆగిపోతాయేమోనన్న టెన్షన్. ఇప్పుడు ఒక్కో బస్సు సర్వీసుకి ఒక్కో ప్రాసెస్, అంటే సొంత మెమరీతో విడిగా నడిచే చిన్న ప్రోగ్రామ్ లాంటిది, పెట్టాం. అడిగినవాళ్ల సందేశాలు దాని క్యూలో చేరతాయి, అది ఒక్కొక్కటే తీసి జవాబిస్తుంది. వేరే ప్రాసెస్ ఏదీ దాని డేటాని ముట్టుకోవడానికి వీల్లేదు. సీట్ల లెక్క డేటాబేస్‌లో కూడా రాస్తాం, ఎందుకంటే ప్రాసెస్ పడిపోతే దాని మెమరీ పోతుంది. పడిపోయిన ప్రాసెస్‌ని సూపర్‌వైజర్ అనే మరో ప్రాసెస్ వెంటనే మళ్లీ లేపుతుంది, పక్క బస్సుల బుకింగ్ ఆగదు.

ఈ పద్ధతి ఎలిక్సిర్ కనిపెట్టింది కాదు. 1986లో స్వీడన్‌లోని ఎరిక్సన్‌లో జో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆయన సహచరులు టెలిఫోన్ ఎక్స్చేంజీల కోసం మొదలుపెట్టిన ఎర్లాంగ్ భాషది. ఒక కాల్ తెగితే మిగతా కాల్స్ తెగకూడదన్నది వాళ్ల అవసరం. బ్రెజిల్‌కి చెందిన జోసే వాలిమ్ 2012 నాటికి ఎర్లాంగ్ నడిచే వర్చువల్ మెషీన్ (ప్రోగ్రామ్‌లని నడిపించే సాఫ్ట్‌వేర్) మీదే ఎలిక్సిర్‌ని నిలబెట్టారు. జావా 21లో, 2023లో, వర్చువల్ థ్రెడ్‌లు (ఒకేసారి చాలా పనులు నడపడానికి తేలికైన దారి) వచ్చాయి కదా అని మిత్రులు అంటుంటారు. థ్రెడ్ చవకైంది, నిజమే. కానీ ఆ థ్రెడ్‌లన్నీ పంచుకునే మెమరీ మాత్రం ఎవరైనా మార్చగలిగేదే.

వచ్చిన డేటా రూపాన్ని బట్టి ఏ కోడ్ నడవాలో తేల్చే ప్యాటర్న్ మ్యాచింగ్ గురించి కూడా చెప్పాలి. పేమెంట్ గేట్‌వే నుంచి సక్సెస్, ఫెయిల్డ్, పెండింగ్ అని మూడు రకాల జవాబులొస్తే ఒకే పేరుతో మూడు చిన్న ఫంక్షన్లు రాస్తాం. నాలుగో రకం వచ్చిందంటే అక్కడికక్కడే ఎర్రర్ పడుతుంది, వచ్చిన విలువతో సహా. జావాలోని నల్ (విలువ లేదు అని చెప్పే గుర్తు) లాంటి నిల్ ఇక్కడా ఉంది. అయితే ఫలితాన్ని ‘ఓకే’ లేదా ‘ఎర్రర్’ అనే గుర్తుతో జంటగా తిరిగివ్వడం అందరికీ అలవాటు కాబట్టి ఆ నిల్ కోడ్‌లో దూరం వెళ్లకముందే దొరుకుతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. మాకు కావలసిన గేట్‌వేకి జావా లైబ్రరీ ఉంది, ఎలిక్సిర్‌ది లేదు, మేమే రాసుకున్నాం. భారీ లెక్కల పనికి ఈ వర్చువల్ మెషీన్ నెమ్మది, అందుకే ఛార్జీల అంచనా పైథాన్‌లోనే ఉంచాం. నన్ను ఎక్కువ బాధపెట్టేది టైపుల (ఏ విలువ ఏ రకమో చెప్పే వివరాల) విషయం. పెద్ద కోడ్‌లో ఒక ఫీల్డ్ పేరు మారిస్తే జావా కంపైలర్ (కోడ్‌ని నడపకముందే చదివి అనువదించే ప్రోగ్రామ్) తప్పులన్నీ చూపిస్తుంది. ఇక్కడ ఆ ధైర్యం టెస్టుల నుంచే తెచ్చుకోవాలి. 2024లో వచ్చిన 1.17, 1.18 వెర్షన్ల నుంచి ఎలిక్సిర్ కంపైలర్ కొన్ని టైపు తప్పులు పట్టుకుంటోంది, కానీ జావా పట్టుకున్నన్ని కాదు.

మనుషుల విషయానికొస్తే, హైదరాబాద్‌లో జావా వచ్చినవాళ్లు కోకొల్లలు, ఎలిక్సిర్ వచ్చినవాళ్లు అరుదు. అందుకే మేం జావావాళ్లనే తీసుకుని నేర్పిస్తున్నాం. సింటాక్స్ తొందరగానే వస్తుంది. ఫర్ లూప్ లేకుండా, మధ్యలో వేరియబుల్ మార్చకుండా ఆలోచించడానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది. ఆ కొన్ని వారాలు ఓపిక పట్టే మేనేజర్ లేకపోతే ఈ మార్పు మొదలుపెట్టొద్దు.