డెడ్ వెయిట్ టెస్టరా, డిజిటల్ రిఫరెన్స్ గేజా? ల్యాబ్ ప్రెషర్ గేజ్‌లకు ఏది మేలు?

గుంటూరులో మిర్చి పరీక్షలు చేసే ల్యాబ్ కానీ, విజయవాడలో ఇంజినీరింగ్ పరిశోధన ల్యాబ్ కానీ, లెక్కపెడితే గేజ్‌లు చాలానే తేలతాయి. ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే పాత్ర) మీద ఒకటి, నైట్రోజన్ రెగ్యులేటర్‌కు రెండు, హైడ్రాలిక్ ప్రెస్‌కు ఇంకొకటి. అవి సరిగా చూపుతున్నాయో లేదో తేల్చడానికి (క్యాలిబ్రేషన్‌కు) అన్నిటినీ ఏటా బయటికి పంపితే డబ్బుకు డబ్బు పోతుంది, పనికి పని ఆగుతుంది. సొంతంగా చూసుకోవాలంటే ఏం కొనాలన్నదే ప్రశ్న.

పేరు చూస్తే డెడ్ వెయిట్ టెస్టరే గొప్పది. వైశాల్యం తెలిసిన పిస్టన్ మీద బరువు తెలిసిన బిళ్లలు పెడతాం, ప్రెషర్ అక్కడే పుడుతుంది. బ్యాటరీ అక్కర్లేదు, ఏళ్లు గడిచినా పెద్దగా జారదు. చిక్కల్లా గురుత్వం దగ్గరే. బిళ్లల మీది అంకె చాలాసార్లు ప్రామాణిక గురుత్వం 9.80665 (మీ/సె²)కు వేసినది. మన విజయవాడలో అది దాదాపు 9.784. అంటే 100 బార్ బిళ్లలు పెడితే నిజంగా వచ్చేది 99.77 బార్. 0.05 శాతం పరికరమని కొని 0.23 శాతం తప్పుతో కూర్చుంటాం. ఆర్డర్ ఇచ్చేటప్పుడే మన ఊరి గురుత్వానికి బిళ్లలు సరిచేసి ఇమ్మనాలి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ముందు సర్టిఫికెట్‌లో ఆ అంకె వెతకాలి.

ఎత్తు సంగతీ ఉంది. పిస్టన్‌కూ గేజ్‌కూ మధ్య 10 సెంటీమీటర్ల నూనె తేడా ఉంటే సుమారు 0.0085 బార్. వంద బార్ గేజ్‌కు అది లెక్కలోకి రాదు, ఒక బార్ గేజ్‌కు ముప్పావు శాతం పైనే. పైగా ప్రతి పాయింటుకూ బిళ్లలు మార్చాలి, పిస్టన్ తేలుతూ తిరుగుతుండగానే రీడింగ్ తీసుకోవాలి. పని నెమ్మది.

హ్యాండ్ పంపుకు డిజిటల్ రిఫరెన్స్ గేజ్ తగిలించి పోల్చి చూడటం రెండో దారి. మా ఓటు దీనికే, రేంజ్ సరిగా ఎంచుకుంటేనే సుమా. దాని తప్పుగా చెప్పే 0.05 శాతం అన్నది ఫుల్ స్కేల్ మీద, అంటే అది కొలవగల గరిష్ఠ ప్రెషర్ మీద. 2.5 బార్, 1.6 క్లాస్ (ఫుల్ స్కేల్ మీద 1.6 శాతం తప్పు) ఆటోక్లేవ్ గేజ్‌కు అనుమతించే తప్పు 0.04 బార్, రిఫరెన్స్ తప్పు అందులో నాలుగో వంతు, అంటే 0.01 బార్ దాటకూడదు. 20 బార్ రిఫరెన్స్ సరిగ్గా సరిపోతుంది. ‘అన్నిటికీ ఒకటే’ అని 700 బార్‌ది కొంటే దాని తప్పే 0.35 బార్. గేజ్ పరీక్ష కాదది, గుడ్డి లెక్క. ఆటోక్లేవ్‌లో 15 పీఎస్‌ఐ దగ్గర ఒక్క పీఎస్‌ఐ తక్కువైనా ఆవిరి వేడి 121 నుంచి దాదాపు 120 డిగ్రీలకు దిగుతుందని గుర్తుంచుకోవాలి.

వేగం కావాలంటే ఒకే రేంజ్ గేజ్‌లు నాలుగింటిని మానిఫోల్డ్ (ఒకే పంపుకు పలు గేజ్‌లు తగిలించే గొట్టం) మీద ఒకేసారి ఎక్కించండి. పంపులోని ప్రెషర్ వదిలేసి, రిఫరెన్స్‌ను సున్నా చేసి, ఒకసారి ఫుల్ స్కేల్ దాకా ఎక్కించి దించండి. ఆపై 0, 25, 50, 75, 100 శాతం ఎక్కుతూ, మళ్లీ దిగుతూ చూడాలి. చదివే ముందు వేలితో మెల్లగా తట్టాలి. ఎక్కేటప్పుడు పాయింటు దాటితే కిందికి దిగి మళ్లీ కింది నుంచే రావాలి, లేదంటే హిస్టెరిసిస్ (ఎక్కేటప్పటికీ దిగేటప్పటికీ రీడింగ్‌లో వచ్చే తేడా) కలిసిపోతుంది.

గాలి పంపుతో ఎక్కించగానే రీడింగ్ జారుతుంది, లీకని కంగారుపడతారు. నొక్కిన గాలి వేడెక్కి, చల్లారేటప్పుడు ప్రెషర్ తగ్గుతుంది. ఒక నిమిషం చూడండి: జారే వేగం తగ్గుతుంటే వేడి, అలాగే సాగితే లీకు. లీకైతే ముందు చూడాల్సింది థ్రెడ్. బీఎస్‌పీ ప్యారలల్ థ్రెడ్‌కు (పొడవునా ఒకే లావుండే మరకు) వాషరే సీలు. దానికి టెఫ్లాన్ టేపు చుడితే సీలు రాదు సరికదా, టేపు ముక్క తెగి గేజ్ రంధ్రంలో కూర్చుంటుంది. టేపు కొస సన్నబడే ఎన్‌పీటీ థ్రెడ్‌కే, అదీ మొదటి మర వదిలి. బిగించేటప్పుడు స్పానర్ కింది చదరానికే పెట్టాలి, డయల్ పట్టుకుని తిప్పకూడదు.

ప్రెషర్‌ను తానే ఎక్కించి దించే ఆటోమేటిక్ కంట్రోలర్ వందల గేజ్‌లున్న చోట పనికొస్తుంది. శుభ్రమైన నైట్రోజన్ సరఫరా కావాలి, పాత గేజ్‌లోని నూనె వెనక్కి వస్తే వాల్వ్ పోతుంది. చిన్న ల్యాబ్‌కు దండగ.

ఏ పద్ధతైనా మే నెల సంగతి మరవకండి. బూర్డన్ గేజ్ (వంపు గొట్టంతో ముల్లు తిప్పే మామూలు గేజ్) డిగ్రీకి 0.04 శాతం దాకా మారొచ్చు. 42 డిగ్రీల షెడ్ నుంచి 24 డిగ్రీల గదికి తెచ్చి వెంటనే మొదలుపెడితే 0.7 శాతం వరకూ వేడి తప్పే. రాత్రంతా గదిలో ఉంచి పొద్దున చేయాలి. ఆక్సిజన్ గేజ్‌లను మాత్రం నూనె తగిలిన పంపు మీద ఎప్పుడూ పెట్టకూడదు, ప్రెషర్‌లో ఆక్సిజన్‌కు నూనె తగిలితే మంటే.

బయటి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబ్‌కు ఏటా పంపాల్సింది ఇక రిఫరెన్స్ ఒక్కటే. 0.1 శాతం కంటే నిక్కచ్చి ట్రాన్స్‌మిటర్లు (ప్రెషర్‌ను విద్యుత్ సంకేతంగా పంపే పరికరాలు) ఉన్నప్పుడు కానీ డెడ్ వెయిట్ టెస్టర్ జోలికి పోనక్కర్లేదు.